రెండు తలుపుల కారు

తెల్లవారేసరికి కారు మళ్లీ కూర్చుంది.

ముందురోజు నాలుగు చక్రాల మీద నిండుగా నిలబడిన నీలం కారు, ఇప్పుడు ఎడమవైపు ముక్కు నేలకు ఆనించి, నీళ్లు తాగడానికి వంగిన దూడలా గుమ్మం ముందు ఒరిగి ఉంది. వాసవాంబ ముగ్గుచిప్ప చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముగ్గు వేయవలసిన చోటు సగం ఆ ముక్కు కిందే ఉంది.

వాన వెలిసిన ఉదయం. కారు మీద నీటిచుక్కలు ఇంకా ఆరలేదు. ఎక్కడో లోపలి నుంచి సన్నగా, నిద్రలో ఊపిరి వదిలినట్లు గాలి పోతున్న చప్పుడు. ఆ చప్పుడు వినడానికి వాసవాంబ తనకు తెలియకుండానే వంగింది.

"మళ్లా కూసుందా?"

కొడుకు అభిలాష్ గొంతు. ఆమె చప్పున లేచి నిలబడింది.

"గాలి పోయినట్లుంది" అంది.

"పోయింది గాలి కాదమ్మా. మన దుడ్లు." అభిలాష్ గుమ్మంలోంచి దిగలేదు. అక్కడి నుంచే కారును చూసి మొహం తిప్పుకున్నాడు. "నాయన లేచినాడా?"

ఉమామహేశ్వరరావు ఎప్పుడో లేచాడు. అరుగు మీద కుర్చీలో కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని, కారునే చూస్తున్నాడు. అరవై రెండేళ్ల మనిషి. నంద్యాలలో బియ్యం, పప్పుల టోకు వ్యాపారం. ముప్పై ఏళ్లు ఒకే మోపెడ్ మీద దుకాణానికి వెళ్లొచ్చిన ఆయన, రెండు నెలల క్రితం ఎవరికీ చెప్పకుండా బెంగళూరు వెళ్లి, తొమ్మిదేళ్లు వాడిన ఈ విదేశీ కారును కొనుక్కొచ్చాడు. నంద్యాలలో అలాంటిది ఇంకొకటి లేదు. దాన్ని బాగుచేయగల మనిషీ లేడు.

అభిలాష్ తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నాయనా, డోన్ నుంచి పాత బండ్లు కొనే ఆయప్ప సాయంత్రం వస్తాడు. ఎంతిస్తే అంతకు ఇచ్చేద్దాం."

"ఆయప్పకు నేను చెప్పలే."

"నేను చెప్పినా."

"బండి నాది గదా?"

"బండి నీదే. దాని మీద పోస్తాండేది దుకాణం సొమ్ము."

ఉమామహేశ్వరరావు గ్లాసులోకి చూశాడు. కాఫీ తాగలేదు.

కోడలు హిమబిందు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. పెంచకపోవడం వల్లే ఆమె మాట ఎక్కువ తగులుతుంది.

"మామా, మీరు కారు కొనుక్కోవద్దని ఎవరన్నారు? కొనండి. కొత్తది కొనండి. నలుగురం కూసునేది కొనండి. మీ మనవరాల్ని ఇందులో యాడ కూసోబెడతారు?"

"వెనక సీటుంది గదమ్మా."

"అది సీటా మామా? ముందు సీటు వంచితే గానీ దాంట్లోకి దూరలేం. పిల్ల సంచి పెట్టుకోవచ్చు. పిల్ల కూసోలేదు."

వీధిలో పాలవాడి బండి వెళ్లిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాక, అభిలాష్ ఈసారి చాలా మెల్లగా అడిగాడు.

"రెండే తలుపులుండే బండి కొనేటప్పుడు, ఇంట్లో మేం ముగ్గురం గూడా ఉండామని నీకు గుర్తుకు రాలేదా నాయనా?"

వాసవాంబ ఈ రెండు నెలలుగా ఇంట్లో జరుగుతున్న రభస అంతా మరమ్మతుల గురించే అనుకుంది. మొదట ఎడమ తలుపు అద్దం కిందికి దిగి మళ్లీ పైకి రాలేదు. తర్వాత మహానంది దారిలో నీళ్ల గొట్టం పగిలి ముందు నుంచి పొగలు వచ్చాయి. ఆ తర్వాత గేరు మారినప్పుడల్లా ఎవరో వెనక నుంచి తోసినట్లు కుదుపు. ఇప్పుడు ఈ కూర్చోవడం. ప్రతిసారీ తండ్రీకొడుకులు ఖర్చు గురించే అరుచుకున్నారు. కొడుకు మనసులో ముల్లు ఇది అని ఆమెకు ఇవాళే తెలిసింది.

ఉమామహేశ్వరరావు మాత్రం ఆ ప్రశ్న విననట్లే ఉన్నాడు.

"చూడు వాసవీ" అన్నాడు. "ఎండ పడితే ఆ నీలం ఎట్ల మారుతాదో."

అభిలాష్ తల్లిని పక్కకు పిలిచాడు.

"నాయనకు మతి తప్పుతాందమ్మా. బండొక్కటే కాదు, దుకాణంలోనూ అంతే. మొన్న కందిపప్పు మూటలు పక్కనే ఉంటే, యాడ పెట్టినార్రా అని హమాలీల మీద అరిచినాడు. వాళ్లు నా మొహం చూసినారు. నేనేం చెప్పాల? వచ్చే నెల నుంచి ఇంటికాడే ఉండమంటా."

"దుకాణానికి రావద్దంటావా?"

"మంచికే అంటాండా."

"ఆ దుకాణంలో గింజ అరచేతిలో పోసుకుంటే చాలు, అది ఏ ఊరి సోనా బియ్యమో చెప్పే మనిషిరా ఆయన. అది లేకపోతే ఆయప్ప పొద్దెట్ల పోవాల?"

"బండి తుడుచుకుంటాడు" అన్నాడు అభిలాష్. అన్నాక తనకే సిగ్గనిపించినట్లుంది, తల దించుకున్నాడు.

వాసవాంబ కొడుకును కాసేపు చూసింది.

"మీ నాయనకు మతి పోయింటే ముందు నాకు తెలుస్తాది. నేను చెప్పినాక అను. అంతవరకూ ఆ మాట నీ నోట రాకూడదు."

అంతలో అరుగు మీద ఉమామహేశ్వరరావు ఫోన్ మోగింది. ఆళ్లగడ్డలో కార్ల షెడ్డు నడిపే కృపావరం. ఆయన గొంతు వీధి చివరికి కూడా వినిపిస్తుంది.

"అన్నా, బెంగళూరు నుంచి కాలు వచ్చింది, ముందు చక్రం మీద బండిని గాలితో లేపి పట్టేది! పాత సామాన్లకని విరగ్గొట్టిన బండిది. పాతదే గానీ గాలి నిలబడతాంది, చూసినా. కంపెనీ వాళ్లు ఒక్క కాలికి లక్షా నలభై చెప్పినారు గదా, ఇది మూడో వంతుకే వచ్చింది. తోలుకోని రా. మెల్లగా రా. పంపు ఆడితే బండి లేస్తాది."

"పోయిన తూరి పంపు పోయిందంటివి. పంపు మార్చినావు" అన్నాడు ఉమామహేశ్వరరావు.

"పొరపాటైందిలే అన్నా. కాలి బెలూనులో ఓటి ఉండాది, గాలి పోతాంది. అది నింపీ నింపీ పంపు కాలిపోయింది. నాకూ ఇట్లాంటి బండి మొదటిదే గదా."

ఫోన్ పెట్టేసి ఉమామహేశ్వరరావు లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. తాళం తీసుకుని కారు దగ్గరికి వెళ్లి లోపల కూర్చున్నాడు. ఇంజను అందుకుంది. కాసేపటికి కారు ముందు భాగం వణికి, ఒళ్లు విరుచుకుంటున్నట్లు నెమ్మదిగా పైకి లేచింది. మనవరాలు దివ్యశ్రీ కిటికీలోంచి చప్పట్లు కొట్టింది. హిమబిందు కూతురి చేతులు పట్టుకుని ఆపింది.

"వాసవీ" అని పిలిచాడు ఆయన. "వస్తావా?"

రెండు నెలల్లో ఆయన ఈ మాట చాలాసార్లు అడిగాడు. ఆమె ఒక్కసారీ ఎక్కలేదు. ఎక్కితే కొడుకుకు ఎదురు నిలిచినట్లవుతుందని భయం. ఇవాళ ముగ్గుచిప్ప అరుగు మీద పెట్టి, చేయి దులుపుకుని, ఇంట్లోకైనా వెళ్లకుండా నేరుగా కారు దగ్గరికి నడిచింది.

"అమ్మా!" అన్నాడు అభిలాష్.

ఆమె తిరిగి చూడలేదు.

*

తలుపు తలుపులా లేదు, బీరువా రెక్కలా బరువుగా ఉంది. సీటు ఎంత లోతుగా ఉందంటే, కూర్చున్నాక రోడ్డు ఆమె భుజాల ఎత్తుకు వచ్చినట్లనిపించింది. ఊరు దాటేదాకా ఆమె కొంగు బిగించి పట్టుకునే ఉంది. నంద్యాల ఇళ్లు వెనకబడి, వరిచేలు మొదలయ్యాక పిడికిలి దానంతటదే వదులైంది.

బయటి చప్పుడు ఏదీ లోపలికి రావడం లేదు. లారీలు మూగగా పక్కనుంచి పోతున్నాయి. ఎడమచేతి వైపు దూరంగా నల్లమల. కొండల మీద మబ్బులు కూర్చోలేదు, నడుం దగ్గర ఆగాయి. పైన కొండ, కింద కొండ, మధ్యలో తెల్లటి ఏరు. వాసవాంబ ఈ దారిన కనీసం వందసార్లు పోయి ఉంటుంది. కొండ ఇలా నీళ్ల మీద తేలుతున్నట్లు ఎప్పుడూ కనిపించలేదు. తాను కదులుతోందో, కొండే తనతో నడుస్తోందో తెలియని మైకం కమ్మింది. నిద్ర కాదు. చిన్నప్పుడు జ్వరం తగ్గిన మరునాడు మంచం మీద పడుకుని ఇంటి దూలాలు చూస్తున్నప్పటి తేలిక.

"ఎట్లుంది?" అన్నాడు ఆయన.

"ఉయ్యాల మాదిరి ఉంది."

ఆయన నవ్వాడు. పెళ్లయిన కొత్తలో తప్ప ఆ నవ్వు ఆమె చూడలేదు.

"పిల్లోడు అడిగినాడే, రెండు తలుపులు ఏమిటికని. జవాబు చెప్పలేక ఊరకుంటి. చెప్తే నవ్వుతాడు."

"నాకు చెప్పండి."

"మన పెండ్లయినప్పటి నుంచి మనమిద్దరమే యాడికన్నా పోయినామా? గుర్తు చేసుకో."

వాసవాంబ ఆలోచించింది. పెళ్లయిన వారానికి అహోబిలం వెళ్లారు. జీపులో పద్నాలుగు మంది. ఆమె ఒళ్లో ఆడపడుచు కొడుకు, ఆయన ఒళ్లో బియ్యం మూట. కర్నూలు ఆసుపత్రికి వెళ్లినప్పుడు అత్తగారు వెంట ఉంది. తిరుపతికి వెళ్లినా రెండు కుటుంబాలు కలిసే వెళ్లాయి. పోయిన ఏడాది పెద్ద కారు అద్దెకు తీసుకున్నా, నిండా మనుషులే.

"పోలేదు" అంది.

"బెంగళూరులో బండ్లు అమ్మే సేటు పెద్ద పెద్దవి చూపించినాడు. ఏడుగురు పట్టేవి. ఇది ఓ మూల ఉండాది. రెండే తలుపులు. నీకొకటి, నాకొకటి అనుకుంటి. అంతే."

ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. అలా తిరగబట్టే మేకలను చూసింది.

శిరివెళ్ల దగ్గర ఎడమ వైపు గట్టు దిగి ఒక మేకల మంద రోడ్డు మీదికి వస్తోంది. మంద వెనక గొడుగు పట్టుకున్న ముసలామె. కారు వేగం తగ్గలేదు.

"ఏమండీ... మేకలు... ఏమండీ!"

బ్రేకు పడింది. కారు గట్టిగా కుదిపి ఆగింది. ఒక మేకపిల్ల ముందు చక్రానికి జానెడు దూరంలో నిలబడి వాళ్లను చూసింది. ముసలామె గొడుగు ఊపుతూ తిట్టింది. లోపలికి ఒక్క అక్షరం వినిపించలేదు.

"చూసినా, చూసినా" అన్నాడు ఉమామహేశ్వరరావు.

అక్కడి నుంచి ఆమె కొండను చూడలేదు. భర్తను చూసింది. అద్దంలో చూడవలసి వచ్చినప్పుడు ఆయన కళ్లు తిప్పడం లేదు. కోడి చూసినట్లు తల మొత్తం తిప్పుతున్నాడు. ఆమె పరీక్షగా అంది:

"ఆ కొంగలు చూడండి, ఎన్నున్నాయో."

కొంగలు ఆమె కిటికీ పక్కనే, చేలో తెల్లగా వాలి ఉన్నాయి.

"అవును, బాగుండాయి" అన్నాడు ఆయన, రోడ్డు వైపే చూస్తూ.

*

ఆళ్లగడ్డలో కృపావరం షెడ్డు పక్కనే శిల్పాలు చెక్కే చోటు ఉంది. రేకుల పందిరి కింద ఇంకా కళ్లు తెరవని దేవుళ్లు, తలలు మాత్రమే తేలిన సింహాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. గాలిలో రాతిపొడి. ఉలి చప్పుడు ఒకే తాళంలో వినిపిస్తోంది.

ఉమామహేశ్వరరావు కారును షెడ్డులోకి తిప్పాడు. దారి అంచున, ఎడమ పక్కన, మనిషి నడుమెత్తు నంది విగ్రహం. వాసవాంబ "రాయి" అనేలోపే పెళ్లుమని చప్పుడైంది.

ఉలి ఆగిపోయింది.

కృపావరం పరుగెత్తుకొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చొక్కా గుండీలన్నీ ఊడిపోయి ఉన్నాయి. నందికి ఏమీ కాలేదు. కారు ఎడమ దీపం నుజ్జయింది. అద్దం పెంకులు రాతిపొడిలో మెరుస్తున్నాయి.

"అయ్యో అన్నా! అంత పెద్ద నందిని ఎట్ల చూల్లేదన్నా?"

ఉమామహేశ్వరరావు దిగి నిలబడ్డాడు.

"ఈ దీపంలో బల్బు ఒక్కటే మార్చేందుకు కాదు. లోపల మిషను, బయట అద్దం, అంతా ఒకటే డబ్బా. ఇప్పుడు తెచ్చిన కాలు కంటే ఇదే ఎక్కువైతాది." కృపావరం తల గోక్కున్నాడు. "ఉండు, ముందు కాలు బిగిస్తా. మీరట్ల నీడకు కూసోండి."

రేకుల పందిరి కింద, చెక్కని రాతిబండ మీద భార్యాభర్తలు కూర్చున్నారు. శిల్పులు మళ్లీ పనిలో పడ్డారు.

"ఎప్పటి నుంచి?" అంది వాసవాంబ.

ఆయన అడగలేదు ఏమిటని.

"ఉగాదికి ముందు నుంచి."

"డాక్టరు దగ్గరికి పోయినారా?"

"కర్నూలు పోయినా. నడిమిది బాగానే కనపడతాది వాసవీ. నీ మొహం చూస్తే నీ మొహం కనపడతాది. చుట్టూ ఉండేదే కనపడదు. మొబ్బు పట్టినట్లుంటాది. పోయిన చూపు తిరిగి రాదంట. ఉండేది నిలవాలంటే చుక్కల మందు ఏసుకోవాల. ఏసుకుంటాండా. అయినా ఎన్నాళ్లుంటాదో చెప్పలేమన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పిల్లోనికి తెలుస్తాది. రేపటి నుంచి దుకాణానికి రావద్దంటాడు."

ఆ మాట కొడుకు పొద్దునే అనేశాడని ఆమె చెప్పలేదు.

"కనపడేటప్పుడే నీతో ఈ కొండ దారిన ఒక్క తూరి పోవాలనుకుంటి" అన్నాడు ఆయన. "ఇంకేం లేదు. కొండ నీ పక్కనుంటాది, నాకు కనపడదని తెలుసు. నువ్వు చూస్తాంటే నిన్ను చూడొచ్చులే అనుకుంటి."

వాసవాంబకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నలభై ఏళ్లలో ఎన్నడూ రానంత కోపం.

"ఆ మేకల వెనక ముసలామె ఉండాది. చూసినారా?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. మొహం పాలిపోయింది.

"ముసలామెనా?"

"గొడుగు పట్టుకోనుండాది. రెండడుగులు ముందుకు వచ్చింటే?"

ఉమామహేశ్వరరావు తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే వాసవాంబ చేయి వేయలేదు. అరచేయి చాపింది.

"తాళం ఇవ్వండి."

ఆయన ఇచ్చాడు. చిన్న పిల్లవాడు దొంగిలించిన బెల్లం ముక్క ఇచ్చినట్లు ఇచ్చాడు. అప్పుడు ఆమె రెండో చేయి ఆయన వీపు మీద వేసింది.

ఆ ఎండలో, ఆ రాళ్ల మధ్య, కాలం కాసేపు ఎటూ పోలేదు. ఎదురుగా ఒక దేవత విగ్రహానికి శిల్పి చెంప నునుపు చేస్తున్నాడు. పొడి ఎగిరి వెలుగులో తేలుతోంది. ఇలా పక్కపక్కన ఇద్దరే కూర్చోవడం ఇదే మొదటిసారి అనుకుంది వాసవాంబ. అందులోని సుఖం, దుఃఖం రెండూ ఒకే గుటకలో గొంతు దిగాయి.

ఆమె ఫోన్ మోగింది. అభిలాష్.

"అమ్మా, బండి అమ్మేస్తాండాం, పని ఆపమని కృపావరానికి ఫోన్ చేసినా. కాలు సగం బిగించేసినాను, ఆపలేనన్నాడు. లైటు పగలగొట్టినారంట గదా? రాతి నందికి గుద్దినారంట?"

"ఆ."

"నీకేం కాలేదు గదా?"

"ఏం కాలేదు."

"అమ్మా, నిజం చెప్పు." కొడుకు గొంతులో పొద్దుటి కోపం లేదు. భయం ఉంది. "నాయనకు చూపు ఆనడంలేదా? మతి తప్పిందనుకుంటి గానీ, మొన్న పక్కనుండే మూటలు కనపడంది గూడా దానికేనని ఇప్పుడు అనుమానంగా ఉండాది. అదే అయితే ఇంక బండీ లేదు, దుకాణమూ లేదు. ఆయన గడప దాటేది లేదు. నేను ఊరుకోను."

ఉమామహేశ్వరరావు ఆమె మొహాన్నే చూస్తున్నాడు. ఆయనకు కనిపించేది అదొక్కటే.

గడప దాటేది లేదు. పప్పు మూటల వాసన లేదు. అరచేతిలో గింజలు లేవు. కొడుకు చెడ్డవాడు కాదు, అందుకే అన్నంత పనీ చేస్తాడు. చెప్పాలి, నిజం చెప్పాలి. కానీ ఈ బండ మీద కూర్చుని, ఫోన్‌లో కాదు.

"నాయన కాదురా" అంది వాసవాంబ. "తోలింది నేను."

రాయి మీద ఉలి నాలుగైదు సార్లు పడింది.

"నువ్వా? నీకు సైకిలే రాదు గదమ్మా."

"మీ నాయన నేర్పించినాడు. కొంచెం తిప్పేటప్పుడు తగిలింది. అంతే."

ఫోన్‌లో వెనక హిమబిందు ఏదో అడుగుతోంది. అభిలాష్ గట్టి గొంతుతో అన్నాడు.

"సరే అమ్మా. అట్లయితే అమ్మేదానికి డోన్ ఆయప్పను రావద్దంటా. నువ్వే తోలుకోని రా. నేనూ హిమబిందూ శిరివెళ్ల కాడ రోడ్డు మీద నిలబడి ఉంటాం. మా కండ్ల ముందర నువ్వు తోలుతాంటే, ఇంక నాయనను ఒక్క మాట అనను."

ఫోన్ పెట్టేశాడు.

షెడ్డులోంచి కృపావరం కేక వేశాడు. "అన్నా, కాలు కూసుంది! బండి లేచింది! రా, చూద్దువుగానీ!"

వాసవాంబ లేచింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, కొంగు నడుముకు చుట్టి బిగించింది. చేతిలో తాళం చెమటకు తడిసి ఉంది. ఆమె షెడ్డు వైపు నాలుగడుగులు నడిచి, ఆగి, భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, దీంట్లో బ్రేకు యాడుంటాది?"